పంచచూళి కింద నేల

ప్రియమైన చెల్లెమ్మకి,

ఉత్తరాఖండ్‌లోని మున్సియారీ నుంచి ఖలియా టాప్ ట్రెక్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. పంచచూళి శిఖరాల మీద సాయంత్రపు ఎండ పడే పేరా చాలా బాగుంది. కానీ అక్కడికి చేరే ముందు ఓక్ చెట్లూ, బురాన్ష్ (రోడోడెండ్రాన్) చెట్లూ నిండిన అడవిలో చాలాసేపు నడిచావు. ఆ అడవికి నీ వ్యాసంలో దక్కింది ఒకే ఒక్క వాక్యం: ‘నేలంతా ఆకుపచ్చ తివాచీ పరిచినట్టుంది.’ ఈ ఉత్తరం ఆ వాక్యం గురించే.

తివాచీ అనగానే చదివేవాళ్ళకి తివాచీయే కనిపిస్తుంది, నేల కనిపించదు. పైగా ఆ పోలిక నీది కాదు, అందరూ వాడి వదిలేసింది. నువ్వు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్క జానెడు నేలని చూసి ఉంటే అది నీ కలానికి వచ్చేదే కాదు.

నాచునే తీసుకో, చెరువులో తేలేది కాదు, రాళ్ళ మీద పెరిగే మాస్. దానికి అసలు వేళ్ళు లేవు, రాయిని పట్టుకోవడానికి సన్నటి పోగులు మాత్రం ఉంటాయి. నీళ్ళని చాలా వరకు ఆకులతోనే పీల్చుకుంటుంది. అందుకే ఎండకి ముడుచుకుపోయి గోధుమరంగుకి తిరిగినది, నాలుగు చినుకులు పడితే నీ కళ్ళముందే విచ్చుకుంటుంది. కొన్నిటి మీద సన్నని కాడ లేచి, దాని చివర చిన్న కాయ ఉంటుంది. కాయకి మూత. మూత ఊడిపోయాక చూస్తే అంచు చుట్టూ పళ్ళ వరుస. చాలా నాచుల్లో గాలి తడిగా ఉన్నప్పుడు ఆ పళ్ళు మూసుకుంటాయి, పొడిగా ఉన్నప్పుడు తెరుచుకుని సిద్ధబీజాలని గాలికి వదులుతాయి.

ఊట నీళ్ళు జారే చోట రాయికి అతుక్కుని పాకే మార్కాన్షియా గురించి ఇంటర్ బాటనీలో చదివే ఉంటావు. దాని మీద బుల్లి గిన్నెలుంటాయి, వాటిలో పచ్చటి బిళ్ళలు. వానచుక్క సరిగ్గా గిన్నెలో పడితే ఒక బిళ్ళ ఎగిరి అవతల పడుతుంది, పడినచోట కొత్త మొక్క మొదలవుతుంది. పరీక్ష కోసం బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న మొక్కే అది. ఇది తెలిసినవాళ్ళు కొండమీది వాన గురించి రాస్తే ఆ వాన వేరుగా ఉంటుంది.

ఇక లైకెన్లు. ఓక్ కొమ్మల నుంచి వేలాడే బూడిద పచ్చ పోగుల్ని నువ్వు ‘నాచు’ అని రాశావు. అది నాచు కాదు, ఉస్నియా అనే లైకెన్. లైకెన్ అంటే ఒక శిలీంధ్రమూ (ఫంగస్) ఒక శైవలమూ (ఆల్గా) కలిసి చేసే కాపురం. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ 1867లో ఈ మాట చెప్తే ఆనాటి లైకెన్ పండితులు చాలామంది ఒప్పుకోలేదు. కింద రాలిపడిన పోగు దొరికితే తీసుకుని మెల్లగా లాగి చూడు. పైపొర తెగి, లోపల తెల్లటి దారం సాగుతుంది. గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ పెరిగితే ఉస్నియా బతకలేదు. కాబట్టి ‘స్వచ్ఛమైన గాలి’ అని రాసే బదులు ఆ కొమ్మని చూపించు, చాలు.

మీ అమ్మగారి మసాలా డబ్బాలో రాతిపువ్వు ఉంటే అదీ లైకెనే. మున్సియారీ ఉన్న కుమావూఁ కొండల్లో దాన్ని ఝూలా అంటారు, అడవిలో సేకరించి వ్యాపారులకు అమ్ముతారు. నువ్వు బస చేసిన ఇంటివాళ్ళని ఎవరు ఏరతారు, ఏ చెట్టు మీద ఎక్కువ దొరుకుతుంది అని అడిగి ఉంటే నీ వ్యాసంలోకి మనుషులు కూడా వచ్చేవారు. ఇప్పుడందులో మీ బృందం తప్ప ఎవరూ లేరు. నాకు అదే పెద్ద లోటుగా అనిపించింది.

చెట్లు ఆగిపోయిన ఎత్తుల్లో రాళ్ళ మీద పసుపుపచ్చ మచ్చలూ, వాటి చుట్టూ నల్లటి గీతలూ కనిపిస్తే ఆగు. అవి మ్యాప్ లైకెన్లు కావచ్చు. ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగకపోవచ్చు. హిమానీనదం వెనక్కి తగ్గి, ఒక రాయి ఎప్పుడు బయటపడిందో ఆ మచ్చ వెడల్పుని బట్టి శాస్త్రవేత్తలు అంచనా కడతారు. అరచేతి వెడల్పు మచ్చ అంటే మీ తాతగారికన్నా పెద్దదన్నమాట. దాని మీద బూటు పెట్టే ముందు ఆలోచించు.

గ్రూపులో అందరికన్నా చివర నడువు. ముందున్నవాళ్ళకి శిఖరం టెన్షన్ ఉంటుంది, చివరివాళ్ళకి కాస్త తీరిక దొరుకుతుంది. పది రెట్లు పెద్దదిగా చూపించే చిన్న భూతద్దం కొనుక్కో. ఫోటో తీసే ముందు నోట్‌బుక్‌లో బొమ్మ గీయి, వంకర్లు పోయినా పర్లేదు. గీస్తేనే ఆకు అంచు నున్నగా ఉందా, రంపంలా ఉందా అనే ప్రశ్న పుడుతుంది. వీలైతే ఒకే చోటుని ఎండలో ఒకసారి, వాన తర్వాత ఒకసారి చూడు. లైకెన్ తడిస్తే పైపొర పారదర్శకమై లోపలి శైవలం పచ్చదనం బయటికి వస్తుంది. ఏదీ పీకకు. శాస్త్రీయ నామాలు నేర్చుకో, కానీ వ్యాసంలో కుప్పపోయకు. చూసింది బాగా రాశాక పేరు చెప్తే అది పాఠకుడికి గుర్తుంటుంది.

ఇంకో మాట, ఇది గట్టిగానే చెప్తున్నాను. నాచుని వినయానికీ లైకెన్‌ని స్నేహానికీ గుర్తుగా మార్చకు. వాటికి వాటి బతుకు ఉంది, అదే రాయి.

మళ్ళీ వెళ్తానన్నావు కదా. మున్సియారీలోనే ఉత్తరాఖండ్ అటవీశాఖ 2020లో ఒక లైకెన్ ఉద్యానవనం తెరిచింది. ట్రెక్‌కి ముందు ఒక పూట అక్కడ గడిపితే అడవిలో వాటి మీద నీ కన్ను తొందరగా పడుతుంది. ఈలోగా వానలు మొదలయ్యాయి కాబట్టి మీ ఇంటి వెనక పాత ప్రహరీ గోడ దగ్గర కూర్చుని మొదలుపెట్టు. ఒక జానెడు గోడ మీద ఒక పేజీ రాసి పంపు. పంచచూళి పేరా మాత్రం కదపకు, అది అలాగే ఉండనీ.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య