బోటనీ చదివి థైరాయిడ్ మీద పరిశోధన చేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. బోటనీ మేజర్, కెమిస్ట్రీ మైనర్. నాకు థైరాయిడ్ ఉంది, రోజూ పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకోవాలి. అది చూసి చూసి, ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో చేరతాను, తర్వాత థైరాయిడ్ మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. మొక్కల చదువు చదివి మనుషుల జబ్బు మీద రీసెర్చ్ అంటే రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టు కాదా? టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, బయటినుంచి చూస్తే రెండు పడవల్లాగే కనిపిస్తుంది. ల్యాబ్‌లోకి వెళ్లి చూస్తే అలా అనిపించదు.

ఒక ఆకును చల్లటి బఫర్‌లో (ఆమ్ల, క్షార గుణం మారకుండా ఉంచే ద్రావణం) నూరి, వడగట్టి, ఆ రసంలో గ్వయకాల్ అనే రసాయనం, కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే కాసేపట్లో ఇటుక రంగు వస్తుంది. ఆకులో ఉండే పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ చేసే పని అది. ఆ రంగు ఎంత వేగంగా ముదురుతోందో, రంగు గాఢతను కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 470 నానోమీటర్ల దగ్గర చూసి లెక్క కడతారు. మీ మెడలోని థైరాయిడ్ గ్రంథిలో ప్రోటీనుకు అయోడిన్ అంటించి హార్మోను తయారుచేసేది కూడా ఒక పెరాక్సిడేజే. దాని పనితనం కొలవడానికీ ఇదే గ్వయకాల్ పరీక్ష వాడతారు. ఈ రెండు ఎంజైములూ వేర్వేరు వంశాలవి. అయినా రెండింటిలోనూ ఇనుమున్న హీమ్ ఉంటుంది, రెండూ పెరాక్సైడ్‌తోనే పనిచేస్తాయి. ఆకు మీద చేయి తిరిగిన పిల్లకు గ్రంథి కొత్తగా ఉంటుందేమో గానీ, ఆ పని మాత్రం కొత్త కాదు.

అసలు థైరాయిడ్ మందుల చరిత్రలోనే మొక్కలున్నాయి. 1928లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో వేరే జబ్బు మీద పరిశోధనకు పెంచుతున్న కుందేళ్లకు రోజూ క్యాబేజీ వేస్తుంటే గొంతు దగ్గర గ్రంథి వాచింది. ఆహారంలో ఏదో థైరాయిడ్‌ను అడ్డుకుంటోందన్న ఆలోచన అక్కడినుంచి బలపడింది. 1943లో ఆస్ట్‌వుడ్ అనే వైద్య శాస్త్రవేత్త, థైరాయిడ్ అతిగా పనిచేసే రోగులకు థయోయురాసిల్ లాంటి మందులిచ్చి గుణం చూపించారు. ఆ మందులు పట్టి ఆపేది పైన చెప్పిన పెరాక్సిడేజ్‌నే. 1949లో ఆయన బృందమే టర్నిప్ జాతి దుంపల నుంచి థైరాయిడ్‌ను అడ్డుకునే గోయిట్రిన్ అనే పదార్థాన్ని వేరుచేసింది. (ఇది చదివి మీరు క్యాబేజీ మానేయకండి. వండుకుని మామూలుగా తింటే భయం లేదు, అనుమానముంటే మీ డాక్టరును అడగండి.)

ఇక దారి సంగతి. ఎస్వీ యూనివర్సిటీలో బోటనీ, బయోకెమిస్ట్రీ విభాగాలు రెండూ ఉన్నాయి, ప్రవేశం ఏపీ పీజీసెట్ ద్వారా. బయోకెమిస్ట్రీకి డిగ్రీలో కెమిస్ట్రీ ఎంత చదివి ఉండాలో నోటిఫికేషన్‌లో ముందే చూసుకోమనండి. ఆ తర్వాత పరిశోధన ఫెలోషిప్ కోసం రాయాల్సిన జాతీయ పరీక్ష సీఎస్ఐఆర్ నెట్‌లో లైఫ్ సైన్సెస్ పేపరు అందరికీ ఒకటే. మొక్కల ఫిజియాలజీ, జంతువుల ఫిజియాలజీ రెండూ అందులోనే ఉంటాయి కాబట్టి బోటనీ చదవడం ఆమెకు నష్టం కాదు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్లయ్యాక 42,000, దానికి తోడు నిబంధనల ప్రకారం హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం). అయితే మీకు దాచకుండా చెప్పాలి: ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీకి సుమారు ఐదేళ్లు పడుతుంది. ఆ ఏడేళ్లూ ఇంట్లో "ఇంకెప్పుడు ఉద్యోగం" అన్న మాట రాకుండా చూడగలరా అన్నది మీరు, మీవారు కూర్చుని ముందే మాట్లాడుకోండి. మధ్యలో ఆగిపోయిన పిల్లల్లో చాలామంది చదువు రాక ఆగలేదు, ఇంటి ఒత్తిడికి ఆగారు.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతాను. ఏదో ఒక ఆకు రసం ఎలుకలకు పోసి, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను) తగ్గిందో పెరిగిందో చూసి అంతటితో ఆపేసే ప్రాజెక్టు వైపు వెళ్లొద్దనండి. శేషాచలం పక్కనే ఉంది కాబట్టి ఇక్కడి విద్యార్థులకు ఆ ఆశ త్వరగా కలుగుతుంది. ఆ రసంలోని ఏ పదార్థం, ఏ ఎంజైమ్‌ను, ఎలా ఆపుతోందో తేల్చితేనే అది బయోకెమిస్ట్రీ. పైగా ఎలుకలకైనా, రోగుల రక్తానికైనా ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, అడవిలో మొక్క కోయాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. ఇంటి పెరట్లోని ముల్లంగికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అందుకే ఈ వేసవి సెలవుల్లో కాలేజీ ల్యాబ్‌లో లెక్చరర్‌ను అడిగి, ముల్లంగి దుంప నుంచి పెరాక్సిడేజ్ తీసి, దాని వేగం కొలిచి, గ్రాఫులతో ఒక నోట్‌బుక్ తయారుచేసుకోమనండి. ఎమ్మెస్సీలో చేరిన మొదటి నెలలోనే ఆ నోట్‌బుక్ పట్టుకుని, ఎంజైముల మీద పనిచేసే ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లి ప్రాజెక్టు అడగాలి. అంతకంటే ముందు ఆ ల్యాబ్‌లోని రీసెర్చ్ స్కాలర్లతో మాట్లాడి, రోజూ ఏం పని జరుగుతుందో తెలుసుకోవాలి.