దమ్ము చక్రాన్ని ఫోన్‌తో తీస్తే తుప్పు కుప్పలా వస్తోంది, మంచి కెమెరా కొనాలా?

పర్లాకిమిడి పక్క పల్లె నుంచి అడిగారు: పొలాల్లో దమ్ము చక్రాలు (బురద పొలం దున్నేటప్పుడు ట్రాక్టర్‌కి తగిలించే ఇనుప చక్రాలు), డిస్కులు, నూర్పిడి మిషన్లు కంటికి బొమ్మల్లా కనిపిస్తాయి, ఫోటోలో ఆ అందం రావడం లేదని.

కెమెరా అక్కర్లేదు. ముందు ఆ ఇనుమును కడగడం, నూనె రాయడం మానండి. పని చేసిన చోట ఇనుము మెరుస్తుంది, చెయ్యని చోట మట్టి నిలుస్తుంది. అందమంతా ఆ తేడాలోనే ఉంది.

దమ్ము చక్రమే చూడండి. ఉభాల (వరి నాట్ల) రోజుల్లో కాశీనగర్, గుణుపురం వైపు వంశధార పొడవునా గట్ల మీద కనిపిస్తాయి. వాటితో ట్రాక్టర్ తారు రోడ్డెక్కితే రోడ్డు చీరుకుపోతుంది, అందుకే విప్పి ఏ తాటిచెట్టుకో ఆనించి పోతారు. యాంగిల్ బద్దల అంచులు మట్టికి రాసుకుని వెండిలా తేలి ఉంటాయి, లోపలి రింగుకి బురద పట్టి ఉంటుంది. పొలంలో దిగిన రోజు ఆ బురద నల్లగా, ముద్దగా ఉంటుంది. ఎండ కాస్తే మర్నాటికి బూడిద రంగుకి తిరిగి బీటలు వారుతుంది, ఆ తర్వాత పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుంది. ఆ బీటల రోజే తీయాలి. ఈలోగా ఒక్క జల్లు పడినా అంచుల మెరుపు మీద తుప్పు లేస్తుంది.

పొద్దు పొడిచిన గంటలోపు, వెలుగు పక్క నుంచి పడేలా నిలబడండి. మూరెడు దూరం నుంచి తీస్తే వెడల్పు లెన్సు చక్రాన్ని కోడిగుడ్డులా సాగదీస్తుంది. మూడు మీటర్లు వెనక్కి జరిగి 2 రెట్లు జూమ్ చేయండి, ఫోన్‌ని ఇరుసు ఎత్తుకి దించండి. నల్ల బురదను చూసి ఫోన్ వెలుగు పెంచేస్తుంది, అంచులు సున్నం కొట్టినట్టు పాలిపోతాయి. మెరిసే అంచు మీద వేలు నొక్కి పట్టి లాక్ చేసి, సూర్యుడి గుర్తును కిందికి లాగండి.

పోలరైజర్ అనే ఫిల్టర్ కొనమని చెబుతారు, వినకండి. నీటి మీద, తడి పెయింటు మీద మెరుపు తగ్గిస్తుంది గానీ ఒట్టి ఇనుము మెరుపును అది తీయలేదు.

తుప్పుకి మాత్రం ఎండ పనికిరాదు. మబ్బు పట్టి, వాన వెలిసిన వెంటనే రంగు చిక్కబడుతుంది. ఫోన్ తనంతట తానే రంగులు సర్దే ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ నారింజను చల్లార్చేస్తుంది కాబట్టి ప్రో మోడ్‌లో దాన్ని 5500 కెల్విన్ దగ్గర కట్టేయండి.

నూర్పిడి వేళ ట్రాక్టర్ పీటీఓ షాఫ్టు (నూర్పిడి మిషన్‌ని తిప్పే ఇరుసు) నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. షట్టర్ 1/1000 పెడితే ఆగినట్టే వస్తుంది, 1/30 పెడితే దాదాపు మూడోవంతు చుట్టు చెదిరి తిరుగుతున్నట్టు తెలుస్తుంది. నాకు రెండోదే ఇష్టం. గాలి వచ్చే వైపు నిలబడండి, లేకపోతే ఊకంతా లెన్సు మీదే. పడితే ఊది, ఆ తర్వాతే గుడ్డతో తుడవండి. తువ్వాలు, చున్నీ, కెమెరా పట్టీ వేలాడుతుంటే షాఫ్టు దరిదాపులకి పోవద్దు.

బాధ కలిగించేది ఒకటుంది. మన గజపతి జిల్లా ఫోటో అంటే మహేంద్రగిరి మంచు, లేదంటే సవర అమ్మల నగలు. మిషన్ తీసినా పక్కన తలపాగా చుట్టిన రైతును నిలబెట్టి నవ్వమంటారు. పనిలో ఉన్న మనిషిని ఆపొద్దు. తెలుగో ఒడియానో వచ్చిన మాటలో అడిగి, ఇనుమును మాత్రమే తీసుకోండి.

ఆనించిన చక్రాన్ని ఫ్రేము కోసం కదపొద్దు. చాలా బరువు, జారితే పాదం నుజ్జవుతుంది. మీరే రెండడుగులు జరగండి.