ఆర్మరర్‌గా చేరిన మేనల్లుడికి

గుంటూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీకు విజయవాడ ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఆర్మరర్ డ్యూటీ (పోలీసు ఆయుధాలు చూసుకుని, బాగుచేసే పని) వేశారని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. బయట తిరిగే డ్యూటీ రాలేదని నువ్వు దిగులు పడ్డావట. దిగులు పడకు. నేను నా సర్వీసంతా ఆయుధాలు దాచే గదిలో, అంటే బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లోనే గడిపాను. పొద్దున నీ చేత్తో పిస్టల్ తీసుకుని వెళ్లినవాడు రాత్రికి క్షేమంగా ఇల్లు చేరడంలో నీ పనికీ భాగం ఉంటుంది. రైఫిళ్ల సంగతి ఇంకోసారి రాస్తాను. ముందు పిస్టళ్లు.

వెళ్లిన వారంలోనే ఎవరో ఒకరు అడుగుతారు, ఏ పిస్టల్ ఎక్కువ కాలం మన్నుతుందని. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారీ నైన్ ఎం.ఎం. పిస్టల్ మొండిదని ఒకరంటారు, గ్లాక్‌కు సాటి లేదని ఇంకొకరంటారు. ఇషాపూర్‌దానికి మూలం 1935లో బెల్జియంలో తయారైన బ్రౌనింగ్ హై పవర్. గ్లాక్ 17ను ఆస్ట్రియా సైన్యం 1982లో తీసుకుంది. మొదట్లో ప్లాస్టిక్ పిస్టల్ అని దాన్ని చిన్నచూపు చూసినవాళ్లే తర్వాత అడిగి మరీ తీసుకున్నారు. నన్నడిగితే రెండూ మంచివే. సరిగ్గా చూసుకుంటే రెండింటి బ్యారెళ్లూ (గొట్టాలూ) వేల రౌండ్లు, అంటే తూటాలు, కాల్చినా చెక్కుచెదరవు. ముందుగా అలిసిపోయేది స్ప్రింగు. దాన్ని వేళకు మార్చకపోతే అది మిగతా పిస్టల్‌ను కూడా పాడుచేస్తుంది.

ఎలాగంటే, రౌండు పేలగానే పిస్టల్ పైన కదిలే భాగం, అదే స్లయిడ్, వెనక్కి వస్తుంది, రౌండు ఖాళీ కేసును (గుల్లను) బయటికి విసురుతుంది. రికాయిల్ స్ప్రింగు ఆ వేగాన్ని ఆపి, స్లయిడ్‌ను మళ్లీ ముందుకు తోసి, కొత్త రౌండును బ్యారెల్ వెనక ఉండే చాంబర్‌లోకి ఎక్కిస్తుంది. స్ప్రింగులో చేవ తగ్గితే స్లయిడ్ వచ్చి కింద ఉండే ఫ్రేమును గట్టిగా గుద్దుతుంది. వెయ్యి రౌండ్లు కాలిస్తే వెయ్యి సుత్తి దెబ్బలు. వెంట్రుకంత పగులు అక్కడే మొదలవుతుంది. 1980ల చివర అమెరికా సైన్యంలో కొన్ని బెరెట్టా పిస్టళ్ల స్లయిడ్లు కాలుస్తుండగానే పగిలి, వెనక ముక్క కాల్చేవాళ్ల ముఖానికి తగిలింది. ఆ తర్వాత, స్లయిడ్ పగిలినా ముక్క వెనక్కి రాకుండా హ్యామర్ (పిస్టల్ వెనక ఉండే సుత్తి) పిన్ను తల పెద్దది చేశారు. అక్కడ కారణాలు వేరు కావచ్చు. కానీ ఉక్కు కూడా అలిసిపోతుందన్న సంగతి మాత్రం గుర్తుంచుకో.

రికాయిల్ స్ప్రింగు మార్చడానికి తయారీదారు పుస్తకంలో ఏ లెక్క ఉంటే అదే పాటించు. ఆ పుస్తకం దొరక్కపోతే 3,000 నుంచి 5,000 రౌండ్ల మధ్య మార్చెయ్. మరి ఆ పిస్టల్ ఇప్పటికి ఎన్ని రౌండ్లు కాల్చిందో నీకెలా తెలుస్తుంది? బాడీ మీద నంబరు ఉంటుంది గానీ రౌండ్ల లెక్క ఎక్కడా ఉండదు. అందుకే ప్రతి పిస్టల్‌కూ రిజిస్టరులో ఒక పేజీ పెట్టు. ప్రాక్టీసుకు వెళ్లి వచ్చిన ప్రతిసారీ తేదీ, కాల్చిన రౌండ్లు, స్టాపేజీలు (మధ్యలో జామ్ అవడాలు), అవి రౌండ్లు నింపే ఏ మ్యాగజైన్‌తో వచ్చాయి, మార్చిన భాగం ఏది, అన్నీ ఆ సాయంత్రమే రాసెయ్. రేపు రాద్దాంలే అనుకుంటే ఇక రాయలేవు.

మ్యాగజైన్ నంబరు ఎందుకు రాయమంటున్నానో చెప్తాను. నేను కొత్తలో చేసిన తప్పది. యాన్యువల్ ఫైరింగ్‌లో ఒక పిస్టల్ పదే పదే జామ్ అయింది. ఖాళీ కేసును లాగే ఎక్స్‌ట్రాక్టర్ మార్చాను, మళ్లీ జామ్. స్ప్రింగు మార్చాను, మళ్లీ అదే. చివరికి పనికిరాదని కాగితం రాసి పైకి పంపాను. మరుసటి నెల వేరే పిస్టల్ అచ్చం అలాగే జామ్ అయ్యేసరికి నాకు అనుమానం వచ్చింది. మ్యాగజైన్ తీసి కిటికీ దగ్గర వెలుతురులో పట్టి చూశాను. పైన రౌండును పట్టి ఉంచే రెండు అంచుల్లో ఒకటి గోరు మందాన బయటికి వంగి ఉంది. ఎవరో కింద పడేసి, ఎవరికీ చెప్పకుండా పెట్టేశారు. మంచి పిస్టల్‌ను నా చేత్తో నేనే పనికిరాదన్నానని చాలా రోజులు బాధపడ్డాను. అందుకే ప్రతి మ్యాగజైన్ అడుగున పెయింటుతో నంబరు వెయ్. జామ్ అయినప్పుడు ముందు దాన్నే అనుమానించు.

గన్‌మన్ల పిస్టళ్లను ప్రత్యేకంగా చూడు. అవి కాల్చేది తక్కువ, మోసేది ఎక్కువ. మే నెల ఎండలో రోజంతా నడుముకు పెట్టుకుంటే చెమట ఉప్పు దిగుతుంది. పిస్టల్ తిప్పి చూస్తే బయటి వైపు నిగనిగలాడుతూ ఉంటుంది, ఒంటికి ఆనే వైపు మాత్రం సన్నటి ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. అలాంటివి వారానికోసారి విప్పి తుడవాలి. తోలు హోల్‌స్టర్‌లో పెట్టి రాత్రి బీరువాలో వదిలెయ్యనివ్వకు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలు పదును చేయడానికి వాడిన లవణాలు ఇనుమును తింటాయి.

ఇంకో ప్రమాదం ఎవరి కంటా పడదు. గన్‌మన్ రోజూ పొద్దున లోడ్ చేస్తాడు, రాత్రి అన్‌లోడ్ చేస్తాడు. ప్రతిసారీ చాంబర్‌లోకి ఎక్కేది అదే పై రౌండు. అలా ఎక్కించి దించి, ఎక్కించి దించి, దాని కొసన ఉండే బుల్లెట్ కొద్దికొద్దిగా కేసులోకి దిగిపోతుంది. లోపల ఖాళీ తగ్గితే పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఆ రౌండునూ ఒక కొత్త రౌండునూ టేబుల్ మీద పక్కపక్కనే నిలబెట్టు. పాతది పొట్టిగా ఉంటే కంటికే తెలుస్తుంది. దాన్ని తీసి పక్కన పెట్టి, వాళ్లకు కూడా చూపించు. ఒకసారి చూశాక రౌండ్లు మార్చి మార్చి ఎక్కించడం అలవాటు చేసుకుంటారు.

నూనె మరీ ఎక్కువ పూయకు. స్లయిడ్ పట్టాలకు, బ్యారెల్ రాసుకునే చోట సన్నటి పూత చాలు. రౌండును కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ను రంధ్రం పొడిగానే ఉండాలి. అక్కడ నూనె చేరితే దుమ్ముతో కలిసి జిగురవుతుంది. కారిన నూనె రౌండు వెనక నిప్పు పుట్టించే ప్రైమర్‌లోకి దిగితే అది పేలకపోవచ్చు. ఉక్కు బ్రష్షు, ఎమరీ కాగితం (గరుకు కాగితం) నీ టేబుల్ మీద కనపడకూడదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్ నగర్‌ను ముంచినప్పుడు, నాకు తెలిసినాయన తన లైసెన్సు .32 పిస్టల్‌ను బీరువాలోంచి తీసి లైసెన్సున్న రిపేరు షాపుకు తెచ్చాడు. నేను సాయంగా వెళ్లాను. మూడు రోజులు బురదనీళ్లలో ఉండి, స్లయిడ్ సగంలో బిగుసుకుపోయింది. ఆయన దాన్ని ఎండలో పెట్టి ఆరబెట్టాడు, అదే తప్పు. బురద లోపలే గట్టిపడింది. ఎప్పుడైనా స్టోర్‌లోకి నీళ్లు వస్తే ముందు అన్‌లోడ్ చెయ్, వెంటనే మంచినీళ్లతో కడుగు, విప్పగలిగినంత విప్పి గుడ్డతో తుడిచి, తేమను తరిమే నూనె పట్టించు. తడిసిన రౌండ్లు ఎంత బాగా కనిపించినా డ్యూటీకి ఇవ్వకు. ఆయన పిస్టల్ బతికింది గానీ స్ప్రింగులన్నీ మార్చాల్సి వచ్చింది, బ్యారెల్ లోపల గుంటలు అలాగే ఉండిపోయాయి.

ఏ పిస్టల్ చేతికొచ్చినా, ఖాళీదే అని ఎవరు చెప్పినా, మ్యాగజైన్ తీసి, స్లయిడ్ లాగి, చాంబర్‌లో కళ్లతో చూసి, వేలు పెట్టి తడిమిన తర్వాతే విప్పు. ఎస్పీ గారు అందించినా ఇంతే.

చార్జి తీసుకోగానే పిస్టళ్లు, మ్యాగజైన్లు లెక్కపెట్టుకుని, స్ప్రింగులకు ఇండెంటు (కావాలని అడిగే కాగితం) ఈ నెలలోనే పెట్టు. మంజూరై చేతికి రావడానికి నెలలు పడుతుంది. రిజిస్టరు కొనుక్కుని ఆదివారం ఇంటికి రా, పేజీలు ఎలా గీయాలో చూపిస్తాను.

ఇట్లు,
మీ మామయ్య