వీల్ బేస్ 5 చాలా, 9 కావాలా, 12 దాకా పోవాలా: టేబుల్ పాడుచేసుకున్నవాడి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న ఇదే కదా: ఇప్పుడున్నది మోటారు బలం పళ్ల చక్రాల ద్వారా వచ్చే పాత గేర్ వీల్ (కంప్యూటర్ ఆటకి పెట్టే స్టీరింగ్), ఆడేది అసెట్టో కోర్సా అనే కార్ రేసింగ్ ఆట. స్టీరింగ్‌ని మోటారే నేరుగా తిప్పే డైరెక్ట్ డ్రైవ్‌కి మారాలనుంది కానీ, ఆ మోటారు డబ్బా, అంటే వీల్ బేస్, 5, 9, 12 న్యూటన్ మీటర్లలో (తిప్పే బలం కొలత) ఏది కొనాలో తేలడం లేదు. బిగించేది దేవరకొండలో మీ ఇంట్లో ఉన్న స్టడీ టేబుల్‌కి. ముందే చెప్పేస్తా. ఆ టేబులే ఖాయమైతే 5 దగ్గర ఆగిపో. ఇనుప ఫ్రేమ్ చేయిస్తానంటే 9 తీసుకో. 12 మాత్రం వద్దు. నా దగ్గరున్నది 12, అందుకే చెప్తున్నా.

న్యూటన్ మీటర్లంటే మనకు అందవు, కిలోల్లో చూడు. 30 సెంటీమీటర్ల వీల్‌కి మధ్య నుంచి అంచుకి 15 సెంటీమీటర్లు. మోజా కంపెనీ ఆర్5 బేస్ ఇచ్చే 5.5 అంటే ఆ అంచుకి 3.7 కిలోలు వేలాడదీసినట్టు. ఆర్9 అయితే 6 కిలోలు, ఆర్12 అయితే 8. లాజిటెక్ జీ29 లాంటి గేర్ వీల్ ఇచ్చేది రెండు న్యూటన్ మీటర్లకు కాస్త పైన, అంటే కిలోన్నర. కిలోన్నరకి అలవాటైన చేతికి 5.5 కూడా మొదటి వారం బరువుగానే ఉంటుంది. వీల్ పెద్దదైతే అదే బేస్ కొంచెం మెత్తగా అనిపిస్తుంది.

మాది మిర్యాలగూడ. మూడేళ్ల కింద హైదరాబాద్‌లో ఒకతని దగ్గర 12 బేస్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే, ఆశపడి తెచ్చి పార్టికల్ బోర్డు టేబుల్‌కి క్లాంపుతో బిగించాను. మొదటి రోజు మానిటర్ ఊగింది, పట్టించుకోలేదు. మూడో రోజు సాయంత్రం ఆటలో ఒక కర్బ్ (ట్రాక్ అంచున ఉండే గట్టు) ఎక్కగానే కిర్రుమని చప్పుడు. వంగి చూస్తే క్లాంపు పట్టిన చోట బోర్డు నలిగి పొట్టు రాలుతోంది. పైన లామినేట్ చిప్పలా లేచింది. "కంప్యూటర్‌తోటి కుస్తీ పడుతున్నవారా?" అని అమ్మ తిట్టింది. తర్వాత వెల్డింగ్ షాపులో స్క్వేర్ పైపుతో ఫ్రేమ్ చేయించాను. ఏం బండికని షాపాయన అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

ఫ్రేమ్ వచ్చాక కూడా నేను ఆడేది 65 శాతం బలం మీదే, అంటే దాదాపు 8 న్యూటన్ మీటర్లు. అంతకు మించితే అరగంటకే ముంజేతులు పట్టేస్తాయి.

అట్లని మిగతా 35 శాతం దండగని కాదు. బెల్జియంలోని స్పా ట్రాక్‌లో పూహాన్ అని పొడవైన ఎడమ మలుపు ఉంది కదా. అందులో స్టీరింగ్ చాలాసేపు బరువుగానే ఉంటుంది. చిన్న బేస్‌లో ఆ బరువు కోసం గెయిన్ (ఆట వీల్‌కి ఎంత బలం పంపాలో చెప్పే సెట్టింగ్) పెంచితే సిగ్నల్ 100 శాతం దగ్గర గోడకి గుద్దుకుని ఆగిపోతుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు. ముందు టైర్లు జారడం మొదలైనప్పుడు స్టీరింగ్ తేలికవ్వాలి. కానీ క్లిప్ అవుతుంటే అదే బరువు, కర్బ్ ఎక్కినా అదే బరువు. కారు గడ్డిలోకి పోయాక గానీ నీకు తెలియదు. నా గేర్ వీల్ రోజుల్లో నేనే చేతకానివాణ్ణి అనుకునేవాణ్ణి, తీరా చూస్తే సగం తప్పు గెయిన్‌ది.

కొనే ముందు నీ పాత వీల్‌తోనే ఒక పని చెయ్. ఆటలో పెడల్స్ యాప్ తెరువు. క్లచ్, బ్రేకు, గ్యాసు గీతల పక్కన ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ (వీల్‌కి వచ్చే బలం) గీత ఉంటుంది, క్లిప్ అయితే ఎర్రబడుతుంది. కర్బుల మీద మాత్రమే క్షణం ఎర్రబడేదాకా గెయిన్ తగ్గించు. అప్పుడు వీల్ మరీ తేలికైపోయిందని అనిపిస్తే, నీకు పెద్ద బేస్ నిజంగానే కావాలి. కొత్త బేస్ వచ్చాక కూడా దాని సాఫ్ట్‌వేర్‌లో బలం పూర్తిగా ఉంచి, ఆటలో గెయిన్ తగ్గించు. కర్బ్ దెబ్బకి చోటు మిగులుతుంది.

బొటనవేళ్లు జాగ్రత్త. పవర్ స్టీరింగ్ లేని మా పాత ట్రాక్టర్ మీద నాన్న మొదట నేర్పింది అదే: బొటనవేలు స్టీరింగ్ లోపలికి చుట్టొద్దు, అంచు మీదే పెట్టు. గెట్టు దాటేటప్పుడు ముందు చక్రం రాయికి తగిలితే స్టీరింగ్ గిర్రున తిరిగి లోపలి పుల్ల (స్పోక్) వేలికి తగులుతుంది. 9 బేస్‌తో ఆటలో గోడకి గుద్దినా అంతే. గుద్దబోతున్నావని తెలిస్తే చేతులు వదిలెయ్.

9కీ 12కీ తేడా పడే డబ్బుతో ఎంత గట్టిగా తొక్కావో కొలిచే లోడ్ సెల్ బ్రేకు పెడల్ కొను. నా ల్యాప్ టైమ్ దానితో తగ్గినంత బేస్‌తో తగ్గలేదు. అయితే దానికీ ఫ్రేమ్ కావాలి, గట్టిగా తొక్కితే చక్రాల కుర్చీ వెనక్కి పోతుంది.

వెల్డింగ్ షాపుకి పోయే ముందు సీటు ఎత్తు, సీటు నుంచి పెడల్ దాకా దూరం టేపుతో కొలిచి కాగితం మీద రాసుకుని పో. నేను అందాజగా చెప్పి, రెండుసార్లు కోయించి మళ్లీ అతికించుకున్నాను.