చారిత్రక కట్టడం దగ్గర నీలి బోర్డు ఉంటే పక్కనున్న మన ఇల్లు బాగుచేసుకోకూడదా?

బాగుచేసుకోవచ్చు, కానీ ముందుగా అనుమతి తీసుకోవాలి. కేంద్ర పురావస్తు శాఖ పెట్టే ఆ బోర్డు కట్టడానికి 1958 నాటి చట్టం రక్షణ ఉందని చెబుతుంది. రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆ పైన మరో 200 మీటర్ల వరకు అనుమతితో కట్టుకోవచ్చు.

ఇంత పట్టుదల ఎందుకంటే, పక్కన లోతుగా తవ్వితే పాత పునాది కదులుతుంది. హనుమకొండలో 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయి స్తంభాల గుడినే చూడండి: కల్యాణ మండపం ఇసుక నింపిన పునాది మీద నిలిచింది, చుట్టూ కిక్కిరిసిన నగరం. ఆ జాగ్రత్త ఎంతైనా అవసరమే.

బోర్డు పడితే చుట్టుపక్కల స్థలాలు ప్రభుత్వపరం అవుతాయని చాలామంది భయపడతారు. అది అపోహ, యాజమాన్యం మారదు, నిర్మాణాలపై నిబంధనలు మాత్రమే వస్తాయి.