ఈసారి శిక్షణకు పేరిచ్చే ముందు

తమ్ముడూ,

పంట సలహాదారు సర్టిఫికెట్ గడువు దగ్గర పడుతోందనీ, శిక్షణ గంటలు ఇంకా తక్కువున్నాయనీ రాశావు. అమెరికాలో మొదలైన సీసీఏ (సర్టిఫైడ్ క్రాప్ అడ్వైజర్, అంటే గుర్తింపు పొందిన పంట సలహాదారు) పద్ధతిలో రెండేళ్లకు 40 గంటల చదువు చూపించాలి. పోషకాలు, నేల-నీరు, చీడపీడలు, పంట యాజమాన్యం అన్నింట్లోనూ కొన్ని గంటలు ఉండితీరాలన్న ఆలోచన నాకు నచ్చుతుంది. లేకపోతే మనమంతా పురుగుల క్లాసులకే పోతాం. నీకూ ఆ జబ్బుంది.

పోయిన సీజన్‌లో రైతులు అడిగినవాటిలో వేటికి "కనుక్కుని చెబుతా" అన్నావో రాసుకో. ముందు వాటికి క్లాసులు వెతుకు.

నన్నడిగితే నీకు భూసార పరీక్షే మొదటిది. రిపోర్టులో భాస్వరం అంకె చూసి మోతాదు చెప్పేస్తున్నావు. అది ఏ పద్ధతిలో తీసిన అంకో అడుగుతున్నావా? ఓల్సెన్ పద్ధతి సున్నపు, క్షార నేలలకు. బ్రే పద్ధతి ఆమ్ల నేలలకు. ఒకదాని అంకెను రెండోదాని పట్టికలో చూశావంటే సిఫార్సు మొత్తం తప్పుతుంది. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు చెప్పే క్లాసు దొరికితే దూరమైనా వెళ్లు.

పురుగుల సంగతి నీకు తెలుసు, నిజమే. తెలిసింది కూడా పాతబడుతుంది. కలుపు మందుల్ని అవి పనిచేసే తీరును బట్టి గ్రూపులు చేసే అంతర్జాతీయ సంస్థ హెచ్‌రాక్, ఆ గ్రూపులకు అక్షరాలు తీసేసి 2020లో అంకెలు పెట్టింది; పాత పట్టిక బట్టీపట్టినవాళ్లు ఇంకా అదే అప్పజెబుతున్నారు. పురుగుమందుల్లోనూ అంతే, క్లోరాంట్రానిలిప్రోల్ తర్వాత ఫ్లూబెండియమైడ్ కొట్టించి మందు మార్చామనుకుంటే, మారింది డబ్బా మాత్రమే. పురుగుమందులకు అలాంటి గ్రూపులే పెట్టే ఐరాక్ (IRAC) సంస్థ లెక్కలో రెండూ 28వ గ్రూపువే, అంటే పురుగు మీద ఒకే తీరున పనిచేసేవే. పురుగు మొండికెయ్యడానికి అది చాలు.

కంపెనీలు పెట్టే శిక్షణలు మానమనను. తమ మందు గురించి వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు, భోజనమూ బాగుంటుంది. స్లైడు మీద దిగుబడి పెరిగినట్టు చూపించగానే మాత్రం చెయ్యెత్తు. మందు కొట్టని మడి పక్కనే ఉందా? ఎన్ని రెప్లికేషన్లు, అంటే అదే పరీక్ష ఎన్ని మళ్లలో చేశారు? ఎన్ని చోట్ల, ఎన్ని సీజన్లు? ఒక్క చేలో ఒక్క సీజన్ ఫలితమైతే ఆ మాట కూడా నోటుబుక్కులో రాసుకో.

విన్నదాన్ని వెంటనే ఊరంతటికీ చెప్పకు. ఒప్పుకున్న రైతు చేలో కొంత కొత్త పద్ధతిలో చేయించి, పక్కనే ఒక పట్టీ పాత పద్ధతిలో వదిలించు. కోతప్పుడు రెండూ విడిగా తూయించు.

హాజరు పత్రాలు మాత్రం ఏ రోజువి ఆ రోజే ఫొటో తీసి దాచు. గడువు నెలలో వాటికోసం తిరగడమంత దండగ పని ఇంకోటి లేదు.

నీ అన్న