నీళ్ల మీది పచ్చటి చుక్కలు: లెమ్నానా, స్పైరోడెలానా?

విజయవాడలో బందరు కాలువ పక్క గుంటల్లో నీళ్ల మీద తేలే చిన్న చిన్న పచ్చటి ఆకులన్నీ ఒకే మొక్కా అని అడిగారు. కాదు. మనం అన్నిటినీ నాచు అనేస్తాం గానీ ఇవి నాచు కానే కావు, పూలు పూసే మొక్కలు. ఇంగ్లీషులో డక్‌వీడ్ అంటారు; లెమ్నా, స్పైరోడెలా వీటిలో రకాలే.

పైనుంచి చూస్తే తేడా తెలియదు. ఒకదాన్ని వేలి మీదకి తీసుకుని తిరగేయండి. ఒకే ఒక్క వేరు దారంలా వేలాడితే లెమ్నా. ఏడుకు మించి వేళ్లు కుచ్చులా ఉండి, అడుగు వంకాయ రంగులో ఉంటే స్పైరోడెలా. రెండు నుంచి ఏడు దాకా ఉంటే లాండోల్టియా కావచ్చు. 1999 దాకా దీన్నీ స్పైరోడెలాలోనే కలిపేవారు. వేళ్లు తెగిపోతాయి కాబట్టి పది మొక్కలైనా చూడాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు.

అసలు వేరు అన్నదే లేకుండా, చేతికి తడి రవ్వలా తగిలితే వుల్ఫియా. ఒక్కో మొక్క మిల్లీమీటరు కూడా ఉండదు. పూల మొక్కలన్నిటిలో చిన్నవి ఇవే! చూసిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే.

వరి చేలల్లో వేసే అజొల్లా మాత్రం పూలు పూయని ఫెర్న్ జాతి. పొలుసుల్లాంటి ఆకులు, ఎండకి ఎర్రబడతాయి.

లెమ్నాలో ఏ రకమో తేల్చాలంటే మాత్రం భూతద్దం కావాలి. వేరు కొస మొద్దుగా ఉంటే మైనర్, సూదిగా ఉంటే ఈక్వినాక్షియాలిస్ అయ్యే అవకాశం ఎక్కువ.